మొదటి విస్తరి

మా మెస్ వంటింట్లో వంటమాస్టర్ హనుమాండ్లు తల పగిలి నేల మీద పడి ఉన్నాడు, అతని పక్కనే, పప్పు కలిపే పెద్ద ఇనప గరిటె పట్టుకుని నిలబడ్డ మా నాన్న నన్ను చూసి “ఎవరు నువ్వు?” అన్నాడు.

గరిటె చివర నుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా ఆయన పంచె మీద పడుతోంది. పొయ్యి మీద పప్పు మాడుతోంది. గోడకి అవతల హాల్లో మధ్యాహ్నపు రద్దీ. “సాంబార్ భాయ్, సాంబార్!” అని ఎవరో అరుస్తున్నారు.

“నాన్నా, నేను. భానుని.”

ఆయన నా వంకే చూస్తున్నాడు. కానీ గోడని చూసినట్టు చూస్తున్నాడు. గరిటె పైకి లేచింది. నేను పక్కకి దూకాను. అది నా చెవి పక్కనుంచి దూసుకెళ్లి స్టీలు బీరువాకి తగిలింది. పైనున్న గిన్నెలన్నీ భళ్లున కిందపడ్డాయి. మళ్లీ ఎత్తబోయాడు గానీ చెయ్యి లేవలేదు. మోకాళ్ల మీద కూలబడి, చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతూ, హనుమాండ్లు నెత్తుట్లో అరచేతులు ఆనించి కూర్చుండిపోయాడు. ఒళ్లంతా చెమట.

మా నాన్న చక్రపాణి ఆ వేసవికి ముందు ఎవరి మీదా చెయ్యెత్తడం నేను చూడలేదు. అప్పు ఎగ్గొట్టి పారిపోయిన హాస్టల్ కుర్రాడు మళ్లీ సిగ్గు లేకుండా వస్తే, “ముందు తిను, తర్వాత తిడతాను” అనే రకం.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో కోచింగ్‌కి వచ్చినవాళ్లకి జానకీ మెస్ తెలుసు. జానకీదేవి మా అమ్మ. కానీ మెస్‌కి అసలు బోర్డు నాన్నే. రోజూ వడ్డన మొదలయ్యే ముందు వీధికి ఎదురుగా ఉన్న మొదటి బల్ల మీద మొదటి విస్తరి ఆయనకి వేసేవారు. దారిన పోయేవాళ్లు చూస్తుండగా ఆయన తినేవాడు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, గరిటెడు నెయ్యి, మారు అన్నం, మీద గడ్డపెరుగు. ఆయన ముద్ద కలిపే తీరు చూస్తే కడుపు నిండినవాడు కూడా లోపలికొచ్చి కూర్చునేవాడు. తణుకులో మా తాతగారి హోటల్ నుంచి వచ్చిన పద్ధతి అది. వండించినవాడు నలుగురి ఎదుటా ముందు తినాలి, ఆ తర్వాతే పరాయివాడికి పెట్టాలి.

పక్కన నిలబడి కొసరి కొసరి వడ్డించేది కృష్ణమోహన్ మావయ్య, అమ్మ తమ్ముడు. కౌంటర్ కూడా ఆయనదే. “బావగారూ, ఈ ఒక్క గరిటె. నా మీద ఒట్టు” అనేవాడు. నాన్న కాదనేవాడు కాదు. తిన్నాక సాయంత్రం దాకా నిద్ర. లేచాక కూడా సగం నిద్రే.

జనవరిలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి బండి మీద పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాడు. ఎక్కాడు గానీ దిగలేదు. నిద్రలోనే డివైడర్‌ని గుద్దాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. వెనక వస్తున్న సిటీ బస్సు డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి తల మిగిలింది.

కుట్లు వేసిన డాక్టరు పరీక్షల కాగితాలు చూసి నాన్నతో కాదు, అమ్మతో మాట్లాడాడు. “ఇంత బరువైన తిండి తిని ఈయన నడుస్తున్నాడంటేనే గొప్ప. సగం చేయండి. నెయ్యి, నూనె తగ్గించండి. రోజూ నడిపించండి. లేకపోతే ఈసారి బస్సు అక్కర్లేదు.”

నాన్న నిజంగానే మారాడు. చిన్న పళ్లెం కొనుక్కున్నాడు. జొన్నరొట్టె, ఆకుకూర, మొలకెత్తిన పెసలు, పల్చటి మజ్జిగ. ఇప్పటికీ ఆ పళ్లెంలోనే తింటాడు. పొద్దున్నే ఎర్రమంజిల్ దాకా నడిచి వెళ్లి, అటునుంచి ఆకుకూరలు పట్టుకొచ్చేవాడు. మా ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కి, పైనుంచి నన్ను వెక్కిరించేవాడు. “ఏంటే, సాఫ్ట్‌వేరు పాఠాలు చెప్పేదానివి, అప్పుడే ఆయాసమా? మధ్యాహ్నం పూట ఊరు ఎలా ఉంటుందో ఇన్నేళ్లకి చూశాను భానూ. ఎంత వెలుతురే!” ఏళ్ల తరబడి మాత్రలు మింగిస్తున్న షుగరు దిగింది. ఇక మాత్ర అక్కర్లేదని డాక్టరే ఆపించాడు.

మొదటి విస్తరి మాత్రం ఆగిపోయింది. మొదటి బల్ల ఖాళీ.

“బావగారు మేకల్లో కలిశారు అక్కా. మెడకో గంట కడితే దొరుకుతారు” అని మావయ్య నవ్వించేవాడు. నాన్న కూడా నవ్వేవాడు. కానీ హాల్లో కుర్చీలు ఖాళీ అవడం నేనూ చూశాను. అదే సమయానికి పక్క సందులో కొత్త మెస్ తెరిచారు.

ఏప్రిల్‌లో మొదలైంది.

రోజూ వచ్చే మార్కెటింగ్ కుర్రాడు రవికాంత్ ఆ మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ, “ఏం సేటూ, గీ మెస్‌ల మీరే తింటలేరు, మాకేం పెడ్తున్రు?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మామూలుగా అయితే నాన్న దానికి పెద్ద జోకు తిరిగి వేసేవాడు. ఆ రోజు పళ్లు కొరుకుతూ లేచాడు. సాంబారు బకెట్ ఎత్తి అతని మీద కుమ్మరించాడు. పొగలు కక్కే సాంబారు. రవికాంత్ పెట్టిన కేక మెట్రో స్తంభాల దాకా వినపడి ఉంటుంది. చొక్కా విప్పుతుంటే ఛాతీ మీద తోలు చొక్కాతో పాటే వచ్చింది. అతని స్నేహితుడు నాన్న మొహం మీద గుద్దాడు. నాన్న అతని మెడ పట్టుకుని బల్లకేసి కొట్టాడు. పన్ను ఊడి మజ్జిగ గ్లాసులో పడింది.

నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు. మావయ్య గబగబా అన్నం కలిపి నోట్లో రెండు ముద్దలు పెట్టాడు. కాసేపటికి నాన్న నెమ్మదించి చుట్టూ చూశాడు. “ఏమైంది? ఈ అబ్బాయి ఒళ్లు కాలిందేంటి?”

“చూశావా అక్కా,” అన్నాడు మావయ్య. “కడుపులో రెండు మెతుకులు పడగానే మనిషయ్యాడు. కడుపు మాడ్చుకుంటే ఎవడికైనా పిచ్చెక్కుతుంది.”

అందరం అదే నమ్మాం. నాన్న ఒక్కడే ఇంకోటి నమ్మాడు. తనలో ఏదో పాపం ఉందని. ఆ తప్పుకి శిక్షగా శనివారం ఉపవాసం పట్టాడు. అది చాలక గురువారం కూడా. ఆకలి ఎంత దంచితే అంత పళ్లు బిగించేవాడు. “నా నోరే నాకు శత్రువమ్మా. దాన్ని గెలవాలి” అనేవాడు.

మే నెలలో ఒక గురువారం మెస్ నుంచి ఇంటికొచ్చీ రాగానే, నిమ్మరసం తాగమని అమ్మ బతిమాలింది. గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టి, ఆమె చెయ్యి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నేను పక్క గదిలో విన్నాను. అదీ ఆయనకి గుర్తు లేదు. కట్టు చూసి “జారిపడ్డావా జానకీ?” అని అడిగాడు. అమ్మ అవునంది. ఆ మాట నిజమని ఆయన నమ్మలేదు. నా మొహం చూసి అర్థం చేసుకుని, బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని, తన చేతినే గోడకేసి కొట్టుకున్నాడు.

ఆ తర్వాతి వారమే హనుమాండ్లు.

హనుమాండ్లుని ఆటోలో పంజాగుట్ట చౌరస్తా దగ్గరి ప్రైవేటు ఆసుపత్రికి పంపాం. ఎస్సై దుర్గేష్ వచ్చి నాన్నని స్టేషన్‌కి తీసుకెళ్లాడు. హత్యాయత్నం అన్నాడు. ఇంతకు ముందు సాంబారు పోసిన కేసు కూడా ఉంది కాబట్టి బెయిల్ ఆశ పెట్టుకోవద్దన్నాడు. బెంచీ మీద కూర్చోబెట్టి పేరడిగితే నాన్న ముద్దముద్దగా ఏదో అన్నాడు.

“తాగిండా?” అడిగాడు దుర్గేష్.

“అలవాటే లేదండీ.”

“గట్లయితే నాటకాలు బంద్ చెయ్యమను.”

నాన్న బెంచీ మీంచి పక్కకి ఒరిగాడు. నోట్లోంచి నురగ. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే తల బల్ల అంచుకి తగిలి కనుబొమ చీలింది. దుర్గేష్ కుర్చీ తన్నేసి లేచాడు. తనే నాన్నని భుజాల కింద పట్టుకుని జీపులోకి ఈడ్చాడు.

అదే ఆసుపత్రి. డ్యూటీ డాక్టరు యశస్విని చిన్న అమ్మాయి, నా వయసే ఉంటుంది. నాన్న వేలు గుచ్చి మీటరు చూసింది. నమ్మలేనట్టు ఇంకో వేలు గుచ్చింది. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించింది.

మేం చూస్తుండగానే నాన్న మొహంలోకి నాన్న తిరిగొచ్చాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“భానూ, హనుమాండ్లు ఏడే? పప్పు మాడుతున్న వాసనొస్తోంది.”

దుర్గేష్ చేతిలో ఉన్న బేడీలు చప్పుడు కాకుండా జేబులో పెట్టుకున్నాడు.

యశస్విని మమ్మల్ని బయటికి పిలిచింది. “మెదడుకి చక్కెర అందకపోతే మనిషి తాగినవాడి కన్నా ఘోరంగా అవుతాడు. కొడతాడు, మనుషుల్ని గుర్తుపట్టడు, తర్వాత ఏదీ గుర్తుండదు. షుగరు మాత్ర ఏం వాడుతున్నారు?”

“డాక్టరు ఎప్పుడో ఆపించారండీ.”

“ఆపలేదు. మాత్ర పడకుండా, వట్టి ఉపవాసానికే చక్కెర ఇంత కిందికి పడదు. ఇవాళ కూడా వేసుకున్నారు. ఆయన వేసుకోకపోతే ఎవరో వేశారు. రక్తం పరీక్షకి పంపుతున్నాను, అందులో తెలుస్తుంది.”

విషయం నాన్నకి చెప్పక తప్పలేదు. అంతా విన్నాడు. చేతులు దుప్పటి కిందికి లాక్కున్నాడు. “మాత్రల సంగతి నాకు తెలీదు. కొట్టింది ఈ చేతులే కదా. నన్ను లోపలే పెట్టండి సార్. ఈసారి భానూని చంపేస్తానేమో.”

దుర్గేష్ నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. “అమ్మా, తప్పు చేసి మందుల మీదికి నెట్టుడు మస్తు చూసిన. డాక్టరమ్మ రాసిస్తది, సరే. ఎవడు కలిపిండో తేలాలె కదా? తేలకపోతే రేపు మీ నాన్నను కోర్టుకు తీస్కపోవుడే. ఆయనే నన్ను లోపలేయ్ అంటుంటే ఇంక జడ్జి ఏం చేస్తడు?”

మెట్ల దగ్గర హనుమాండ్లు భార్య రాజమ్మ ఎదురైంది. నా జుట్టు పట్టుకుంది.

“నా పెనిమిటి తల పలగ్గొట్టి గిప్పుడు షుగర్ అంటున్రా? మాకు సుత షుగరున్నది. మేం ఎవ్వల తల పలగ్గొట్టినం?”

ఆ సాయంత్రమే ఆమె తమ్ముళ్లు కర్రలతో వచ్చి మెస్ అద్దాలు, కుర్చీలు, గ్రైండరు పగలగొట్టారు. అడ్డుపడ్డ మావయ్యని కౌంటర్ మీంచి కింద పడేసి తన్నారు. ఆయన పెదవి చిట్లింది. “మా బావ కోసం తిన్నాను దెబ్బలు” అని ఏడ్చాడు.

నేను మాత్రం ఒకటే ఆలోచిస్తున్నాను. నాన్న తినేది, తాగేది రోజుకి ఎంతని? పొద్దున ఇంట్లో అమ్మ కాచే రాగిజావ. మెస్‌లో ఒక గ్లాసు మజ్జిగ. రాత్రి రొట్టె.

“అమ్మా,” అన్నాను, “జావలో ఏమైనా కలిపావా? ఆయన మంచికోసమే అయినా సరే, చెప్పు.”

అమ్మ బాగున్న చేత్తో చెంప పగలగొట్టింది. “నా చెయ్యి విరగ్గొట్టించుకోడానికి నేనే కలుపుకున్నానా?” ఆ వెంటనే మంచం మీద కూర్చుండిపోయింది. చాలాసేపు కట్టు వంకే చూసుకుంది. “ఆదివారాలు బాగానే ఉండేవాడే భానూ. ఆదివారం కూడా జావ తాగుతాడు కదా. పిల్లాడిలా కబుర్లు చెప్పేవాడు.”

ఆదివారం మెస్‌కి సెలవు.

పొద్దున్నే హనుమాండ్లు మంచం దగ్గరికి వెళ్లాను. తలకి పెద్ద కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

“పప్పు దించాల్నా సేటూ అన్న బిడ్డా. గంతే అన్న,” అన్నాడు. “నన్ను చూసి దొంగను చూసినట్టు చూసిండు. ఆ చూపే యాదికొస్తున్నది, దెబ్బ గాదు.”

“అన్నా, నాన్నకి మజ్జిగ ఎవరిస్తారు?”

“చిలికి కుండల పోసేది నేను. గ్లాసుల పోసి, ఉప్పేసి, తీస్కపోయేది మీ మామ. నన్ను జర సుత ముట్టనియ్యడు. బావకు నా చేత్తోనే ఇయ్యాలె అంటడు.”

అమ్మకి చెప్పాను. చెప్పులేసుకుంది. దారిలో దుర్గేష్‌కి ఫోన్ చేశాను.

మెస్ షట్టరు సగం తెరిచి ఉంది. మావయ్య గాజుముక్కలు ఊడుస్తున్నాడు. మా వెనకే దుర్గేష్ వంగి లోపలికొచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. నేను వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి కౌంటర్ మీద పెట్టాను.

“నిన్న నాన్న కోసం నువ్వు కలిపిన గ్లాసు మావయ్యా. సగం తాగి వదిలేశాడు, ఫ్రిజ్‌లో ఉంది. నువ్వు తాగు.”

అది అబద్ధం. నేను అప్పుడే కుండలోంచి పోసిన మజ్జిగ అది.

“నాకు మజ్జిగ పడదమ్మడూ.”

“నిన్నటిదాకా గడ్డపెరుగు లేకుండా చెయ్యి కడిగేవాడివి కాదు.”

నవ్వబోయాడు. చిట్లిన పెదవి లాగి నెత్తురొచ్చింది. గ్లాసు ఎత్తాడు, పెదవి దాకా తెచ్చాడు, కౌంటర్ మీద పెట్టేశాడు.

“అక్కా, దీని మాటలు విని...”

పచ్చడి నూరే రాతి పొత్రం అమ్మ చేతిలోకి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. కౌంటర్ మీదున్న మావయ్య చేతి మీద దింపింది. వేళ్లు నలిగాయి. ఆయన పెట్టిన కేకకి రోడ్డు మీద మనుషులు ఆగారు. దుర్గేష్ ఒక అడుగు ముందుకేసి, ఎందుకో ఆగిపోయాడు.

“కిట్టూ,” అంది అమ్మ. గొంతు కూడా పెంచలేదు. “ఇంకో చెయ్యి పెట్టు. లేదా చెప్పు.”

మావయ్య నలిగిన చేతిని పొట్టకి హత్తుకుని గాజుపెంకుల మీదే కూర్చున్నాడు.

“కొట్టకక్కా. కలిపాను. బావ పారేయమని ఇచ్చిన మాత్రలే. అవి అయిపోతే పాత చీటీ చూపించి మళ్లీ కొన్నాను. చంపాలని కాదు, అమ్మ తోడు. నీకు గుర్తులేదా, వెనకటికి మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే బావ ఎలా వణికిపోయేవాడు? చేతికి ఏది దొరికితే అది కుక్కుకునేవాడు. ఆ ఆకలి మళ్లీ పుడితే మళ్లీ వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటాడనుకున్నాను. ఆయన తినకపోతే ఈ మెస్‌కి ఎవడొస్తాడు? నాకేం వచ్చక్కా, ఆయన పక్కన నిలబడి వడ్డించడం తప్ప? చదువా, వంటా? మొదట్లో ఒకటే నూరి కలిపాను. తినలేదు. రెండు చేశాను. ఆకలేస్తే ఎవడైనా తింటాడు కదా! ఈయన పళ్లు బిగించుకుని కూర్చున్నాడు. ఆ కుర్రాడి మీద సాంబారు పోసినప్పుడు భయమేసి మానేద్దామనుకున్నాను. కానీ వెంటనే నా చేత్తో ముద్ద పెడితే తిన్నాడక్కా. నా చేత్తో తిన్నాడు. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే చాలనుకున్నాను. నీ చెయ్యి విరిగిందని తెలిసి ఏడ్చాను. మర్నాడు మళ్లీ కలిపాను. నిన్న హనుమాండ్లు అరిచిన అరుపు నాకు వినపడింది. ఈ తలుపుకి ఇవతలే ఉన్నాను. లోపలికి వెళ్లలేదు. ఆకలి పట్టుకుంది, ఇవాళ తింటాడు అనుకున్నాను. అన్నం వేడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకుంటూ నిలబడ్డాను.”